ఆకాశదీపానికి నోటీసు

నోటీసు అనేది ఎలా ఉండాలో రాఘవులుగారికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. ముప్పయ్యారేళ్లపాటు కోస్తా జిల్లాల పురపాలక సంఘాల్లో టౌన్ ప్లానింగ్ అధికారిగా పనిచేసి, లెక్కలేనన్ని అరుగులకూ, పంచలకూ, ప్రహరీలకూ నోటీసులు అంటించి, మచ్చ లేకుండా పదవీ విరమణ చేసిన మనిషి ఆయన. అందుచేత ఆ ఉదయం కూతురి ఇంటి తలుపు పిడికి వేలాడుతున్న పసుపుపచ్చ కాగితాన్ని తీసి, కళ్లజోడు సవరించుకుని చదువుతున్నప్పుడు ఆయన ముఖంలో కనిపించింది కోపం కాదు. సంగీతం తెలిసినవాడు మంచి ఆలాపన విన్నప్పుడు కలిగే తృప్తి.

"చూశావా చాముండీ! సెక్షను నంబరు వేశాడు. తప్పేమిటో విడివిడిగా రాశాడు. గడువిచ్చాడు. అప్పీలు ఎవరికి చేసుకోవాలో చెప్పాడు. సంతకం కింద పేరు, హోదా, ఫోను నంబరు! ఇలా రాయండ్రా అని మా ఆఫీసులో ఎంత మొత్తుకున్నానో నీకు తెలుసు."

చాముండేశ్వరిగారు వంటింట్లోంచి తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చారు.

"బాగానే ఉంది. ఇంతకీ ఎవరికండీ ఆ నోటీసు?"

రాఘవులుగారు మళ్లీ మొదటి పంక్తి నుంచి చదివారు. చిరునామా దగ్గర ఆగారు.

"మనకే," అన్నారు.

అది 2009వ సంవత్సరం. కార్తీకం ప్రవేశించి తొమ్మిది రోజులైంది. సియాటిల్‌కు ఉత్తరాన, బాతెల్‌ను ఆనుకుని ఉన్న ఒక చిన్న పట్టణంలో కూతురు స్రవంతి, అల్లుడు ఫణి కిందటి ఏడే ఇల్లు కొనుక్కున్నారు. దంపతులిద్దరూ ఆరునెలలు ఉండి వెళ్లడానికి సెప్టెంబరులో దిగారు. చాముండేశ్వరిగారి పెట్టెలో పచ్చళ్లకన్నా, పొడులకన్నా భద్రంగా, నాలుగు తువ్వాళ్ల మధ్య చుట్టుకుని వచ్చిన వస్తువు ఒకటుంది. అది ఆకాశదీపం పాత్ర. చిల్లులున్న ఇత్తడి పాత్ర, దానికొక మూత, మూతకొక కొక్కెం. పెళ్లయిన ఏడాది అత్తగారు ఆవిడ చేతికిచ్చింది. కార్తీకమాసం ముప్పయి రోజులూ సందెవేళ ఆ పాత్రలో వత్తి వెలిగించి, తాడుతో ఎత్తున నిలపాలి. పెద్దలు పైలోకాల్లో నడిచే దారికి అది వెలుగు. ముప్పయ్యెనిమిదేళ్లలో ఒక్క సాయంత్రం తప్పలేదు. పదకొండు ఊళ్ల బదిలీల్లో తప్పలేదు. ఉప్పెన వచ్చిన కార్తీకంలో సైతం డాబామీద గొడుగు అడ్డంపెట్టుకుని వెలిగించారావిడ. ఆ నెలంతా నక్తం కూడా. పగలు పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టరు. దీపం పైకెక్కి, మబ్బు సందునైనా ఆకాశంలో ఒక్క చుక్క కనబడిన తరువాతనే భోజనం.

అయితే అమెరికాలో ఆ పాత్రను రాఘవులుగారు తువ్వాళ్లలోంచి బయటికి తీయనివ్వలేదు.

"ఇవి కొయ్య ఇళ్లు. పైగా రోజూ వాన. ఇక్కడ నూనె, వత్తి అంటే కుదరదు. దేశాన్నిబట్టి పద్ధతి," అని శాసించి, ఫణిచేత కారు తీయించి, ఇనప సామాన్ల దుకాణానికి వెళ్లి నూటయాభై వాట్ల ఫ్లడ్‌లైటు తెచ్చారు. పెరట్లో ఎనభై అడుగుల దేవదారు ఒకటి ఉంది. నిచ్చెన వేయించి, దాని మానులోకి బెజ్జం తొలిపించి, ఇనప కొక్కెం బిగించి, దీపాన్ని ముప్పయి అడుగుల ఎత్తున వేలాడదీశారు. మీట నొక్కగానే పెరడంతా పెళ్లి పందిరిలా వెలిగిపోయింది.

"ఇంత వెలుగెందుకండీ?" అన్నారు చాముండేశ్వరిగారు చేయి అడ్డం పెట్టుకుని.

"మన పెద్దలు కృష్ణాతీరం నుంచి రావాలి. పన్నెండువేల కిలోమీటర్లు. ఒక్క వత్తి ఏం ఆనుతుంది వాళ్లకి? దూరాన్నిబట్టి వాట్లు!"

అన్నేళ్ల కాపురంలో ఏ మాటకు జవాబు చెప్పాలో, ఏ మాటను దాచిపెట్టుకోవాలో ఆవిడకు బాగా తెలుసు.

ఇప్పుడు నోటీసు రెండు తప్పులు చూపించింది. ఒకటి, రక్షిత వృక్షానికి బెజ్జం తొలచడం. రెండు, పైన కప్పు లేని దీపం పెట్టి, పొరుగువారి స్థలంలోకీ ఆకాశంలోకీ వెలుగు పోనివ్వడం. నవంబరు పదవ తేదీ మధ్యాహ్నానికల్లా కొక్కెం, దీపం తీసివేయాలి. తీయకపోతే రోజువారీ జరిమానా. అభ్యంతరముంటే అదే సాయంత్రం ఆరు గంటలకు పురపాలక సభలో చెప్పుకోవచ్చు.

అమావాస్య పదహారున. అంటే పదో తేదీన దీపం దిగితే, ముప్పయ్యెనిమిదేళ్ల నోము ఇంకో ఆరు రోజులుందనగా తెగిపోతుంది.

సాయంత్రం ఆఫీసునుంచి వచ్చిన ఫణి కాగితం చూసి, బూట్లు విప్పకుండానే కూలబడ్డాడు.

"మామయ్యగారూ, ప్లీజ్, ఆ లైట్ తీసేద్దామండీ. సిటీతో ఇష్యూ ఎందుకు? మా గ్రీన్‌కార్డ్ ఇంకా పెండింగ్‌లో ఉంది."

"దీపానికీ గ్రీన్‌కార్డుకీ సంబంధమేమిటి బాబూ?"

"ఏమోనండీ. రిస్క్ ఎందుకని."

"ఫణీ, నీకు పార్కింగ్ టికెట్ వచ్చినా గ్రీన్‌కార్డే గుర్తొస్తుంది," అంది స్రవంతి. "నాన్నా, నేను ఆన్‌లైన్‌లో చెక్ చేశాను. థాంక్స్‌గివింగ్ నుంచి జనవరి దాకా హాలిడే లైట్స్‌ని ఎలౌ చేస్తారట. అప్పుడు ఎన్ని వాట్లయినా పెట్టుకో, ఎవరూ అడగరు."

"ఎప్పుడే ఆ థాంక్స్‌గివింగు?" అని అడిగారు చాముండేశ్వరిగారు.

"ట్వెంటీ సిక్స్త్ అమ్మా."

"అప్పటికి కార్తీకం వెళ్లిపోయి పది రోజులు. చంద్రుణ్ణి కాస్త ఆగమని నువ్వు ఫోన్ చేస్తావా, నన్ను చెయ్యమంటావా?"

రాఘవులుగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"నాకు ఎవరి మినహాయింపూ అక్కరలేదు. స్థలం మనది, చెట్టు మనది, కరెంటు మనది. నేల ఎవరిదో, దానిపైన ఆకాశం కూడా వారిదే. ఇది వీళ్ల న్యాయశాస్త్రంలోనే ఉన్న పురాతన సూత్రం. నేను చదువుకున్నాను."

"మిఠాయికొట్టు కృష్ణమోహన్ కూడా ఇదే అన్నాడు," అన్నారు చాముండేశ్వరిగారు, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ.

కృష్ణమోహన్ అనే ఆయన ఒకానొక ఊళ్లో తన మిఠాయి దుకాణానికి వీధి కాలువమీదికి రెండడుగులు రేకుల పంచ దించాడు. రాఘవులుగారు నోటీసిచ్చారు. స్థలం నాది, ఆకాశం నాది అని ఆయన వాదించాడు. రాఘవులుగారు దగ్గరుండి పంచ ఊడదీయించారు.

"మీరేమన్నారో జ్ఞాపకముందా? నీ హద్దు నీ గోడ దగ్గర ఆగిపోతుందయ్యా, అది దాటాక నీ రేకు కాదు, నా ఫైలు అన్నారట. ఆ పూట అన్నం దగ్గర నాకు రెండుసార్లు చెప్పి మరీ మీసం దువ్వుకున్నారు."

"అది వేరు."

"ఎలా వేరు?"

"అది రేకు. ఇది వెలుతురు."

"వెలుతురు గోడ దగ్గర ఆగుతుందేమిటండీ?"

రాఘవులుగారు పేపరు విప్పారు. అది ముందటి రోజుది. అయినా మడవలేదు.

మర్నాడు పక్కింటి గ్యారీ తనంతట తానే వచ్చాడు. ఆరడుగుల పైచిలుకు మనిషి, ప్యాంటుకు భుజాలమీదుగా పట్టీలు, రిటైరైన పడవల మెకానిక్కు. అతని ఇంటి ముందు గడ్డిలో 'నా నేల, నా చెట్లు' అని పెద్ద అక్షరాల బోర్డు ఉంటుంది. పడవకు షెడ్డు వేసుకుందామంటే సరిగ్గా ఆ చోట నాలుగు దేవదారులున్నాయి. సిటీ వారు కొట్టనివ్వలేదు. రెండేళ్లుగా అతనికి అదే యుద్ధం.

"మీకు కూడా పసుపు కాగితం వచ్చిందటగా సర్!" అని అతను రాఘవులుగారి చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. "మొన్న చెట్టు, నిన్న దీపం. రేపు మన ఇంట్లో మనం తుమ్మాలన్నా మూడు ప్రతుల్లో దరఖాస్తు పెట్టమంటారు. మీ ఇంగ్లీషు వింటుంటే రేడియోలో వార్తలు చదివేవాళ్లు గుర్తొస్తారు. పదో తారీఖున మీరు లేచి మాట్లాడారంటే వాళ్లు నోళ్లు తెరుచుకుని వింటారు. ఆ రోజే చెట్ల రూల్ ఇంకా బిగించే విషయం కూడా విచారిస్తున్నారు. మాట్లాడతారా సర్?"

'సర్' అనే పిలుపు విని రాఘవులుగారికి చాలాకాలమైంది. ఈ దేశంలో అంగడివాళ్లు కూడా ఆయనను పేరుపెట్టి పిలుస్తున్నారు.

"మాట్లాడతాను," అని మాట ఇచ్చారు.

ఆ రోజునుంచి భోజనాల బల్ల ఆఫీసైపోయింది. నాలుగు పేజీల ఉపన్యాసం తయారైంది. ఫణి ఫోనులో టైమర్ పెట్టి విన్నాడు.

"సూపర్ మామయ్యగారూ. లెవెన్ మినిట్స్ వచ్చింది. అక్కడ ఒక్కొక్కరికి త్రీ మినిట్సే ఇస్తారు."

"మూడు నిమిషాలు నాకు సభకు నమస్కారం చెప్పడానికే చాలవు!"

ఇంతలో ఫిర్యాదు నకలు కావాలని సిటీ ఆఫీసుకు రాసిన ఉత్తరానికి జవాబు వచ్చింది. అడిగిన నాలుగో రోజుకే నకలు ఇవ్వడం ఆయనకు ఒక ఆశ్చర్యమైతే, కాగితం చివర చూసింది అంతకంటే పెద్ద ఆశ్చర్యం. సర్వీసు మొత్తంలో ఆయన చూసిన ఫిర్యాదుల్లో సగానికి సగం ఆకాశరామన్న ఉత్తరాలే. పక్కింటివాడి గోడ కూలాలి, తన పేరు బయటికి రాకూడదు. ఇక్కడేమో కింద నిండైన సంతకం, పేరు, ఇంటి నంబరు: మిసెస్ ఓల్సన్. పెరటి కంచెకు అవతలి ఇల్లు.

"పేరు పెట్టి రాసిందంటే మనిషి మంచిదే," అని తేల్చారు చాముండేశ్వరిగారు. "పదండి, ఎందుకు రాసిందో అడిగి వద్దాం."

"ప్రతివాది వెళ్లి వాదిని కలవడం సంప్రదాయం కాదు."

"పొరుగింటికి వెళ్లడం సంప్రదాయమే."

ఆవిడ కొబ్బరి లౌజులు చేసి డబ్బాలో పెట్టారు. వారం రోజులుగా దోబూచులాడుతున్న వాన పూర్తిగా వెలిసి, తొమ్మిదో తారీఖు సోమవారం సాయంత్రం ఆకాశం తేటపడింది. ఆరుగంటలవేళ, ఆనాటి దీపం వెలిగించిన తరువాత, ఇద్దరూ వీధి చుట్టి వెళ్లారు.

మిసెస్ ఓల్సన్‌కు డెబ్బయ్యేళ్లుంటాయి. ఊలు టోపీ పెట్టుకుని, కాఫీ కప్పు పట్టుకుని, పెరటివైపు కొయ్య అరుగుమీద కూర్చుని ఉంది. పక్కన గుడ్డ కప్పిన టెలిస్కోపు. అరుగుమీద అడుగు పెట్టగానే రాఘవులుగారి కళ్లు మూసుకుపోయాయి. కంచెకు అవతల, చెట్టుమీదినుంచి, ఆయన నూటయాభై వాట్లూ సూటిగా ఆవిడ ముఖంమీద పడుతున్నాయి. ఆ వెలుగులో పంచాంగం చదువుకోవచ్చు.

"మీరు కోపంగా వచ్చి ఉంటారు. ఆ ఉత్తరం నేనే రాశాను. అంతకుముందు రెండుసార్లు వచ్చి మీ బెల్ కొట్టాను, ఎవరూ లేరు," అంది ఆవిడ.

"కోపం కాదు మేడమ్. విచారణ," అన్నారు రాఘవులుగారు తన నిక్కచ్చి ఇంగ్లీషులో.

ఆవిడ లౌజు ఒకటి నోట్లో వేసుకుని, నవ్వి, నెమ్మదిగా చెప్పింది. ముప్పయ్యేళ్లు స్కూల్లో సైన్సు చెప్పిందట. భర్త పోయి నాలుగేళ్లయింది. ఏటా శరత్కాలంలో మబ్బులేని మొదటి సాయంత్రం ఇద్దరూ ఇక్కడ కూర్చుని, తూర్పున పొడిచే ఒక చుక్కల గుంపును వట్టి కళ్లతో లెక్కపెట్టేవారట. ఆయన ఏడంటాడు, ఈవిడ ఆరంటుంది. పెళ్లైనప్పటినుంచీ అదే పోట్లాట.

"ఆయన పోయాక కూడా నేను మానలేదు. ఇక్కడ ఈ కాలంలో తెరిపి ఇచ్చే సాయంత్రాలు నాలుగో అయిదో. ఈ ఏడు వచ్చినవాటిలో రెండు పోయాయి. అవి పొడిచే చోటు సరిగ్గా అదీ," అని ఆవిడ వేలు చూపించింది. వేలి చివర ఫ్లడ్‌లైటు తప్ప మరేమీ లేదు.

"ఏ చుక్కలట?" అని చాముండేశ్వరిగారు భర్తను అడిగారు.

"ఏదో చిన్న గుంపు. ద్రాక్షగుత్తిలా దగ్గరదగ్గరగా ఉంటాయట. ఆరు."

చాముండేశ్వరిగారు డబ్బా కింద పెట్టారు.

"కృత్తికలండీ!"

రాఘవులుగారు తన దీపం వంక తిరిగి చూశారు.

"ఏ చుక్కల పేరుమీద ఈ నెలకు కార్తీకమని పేరొచ్చిందో, ఆ చుక్కలే కనబడకుండా మనం దీపం పెట్టాం. పెద్దలకు దారి చూపించామో, దారే మూసేశామో! ఈవిడకి చెప్పండి. ఉన్నదున్నట్టు చెప్పండి."

ఉన్నదున్నట్టు అనువదించడం ఆయనకు అలవాటే. తన తప్పును అనువదించడం ఇదే మొదలు. రెండుచోట్ల గొంతు సవరించుకుని చెప్పారు. చెప్పి, మరో మాట లేకుండా మెట్లు దిగి, ఆ చలిలో వీధి చుట్టూ నడిచి, ఇంటికి వెళ్లి మీట కట్టేశారు. తిరిగి వచ్చేసరికి ఆడవాళ్లిద్దరూ నిలబడి ఉన్నారు.

"పెట్టిన దీపం ఆర్పకూడదంటారు," అన్నారాయన సందేహంగా.

"దీపాన్ని ఆర్పకూడదు. అది బల్బు," అన్నారు చాముండేశ్వరిగారు.

కళ్లు చీకటికి అలవాటు పడుతున్నకొద్దీ దేవదారు పక్కన ఆకాశం లోతుగా తెరుచుకుంది. అక్కడ, ఆవగింజలు చల్లినట్లు, చిన్న మినుకు మినుకుల గుత్తి.

"ఆరు," అన్నారు చాముండేశ్వరిగారు.

"ఆరే," అంది మిసెస్ ఓల్సన్.

రాఘవులుగారు కళ్లజోడు తుడిచి పెట్టుకుని, వేలితో గాలిలో గుర్తులు పెట్టుకుంటూ రెండుసార్లు లెక్కించారు.

"ఏడు," అన్నారు ఖచ్చితంగా.

"మీకు శుక్లాల ఆపరేషన్ అయింది. మాకు కనబడని ఏడోది మీకెలా కనబడిందండీ?"

"ఆపరేషన్ అయింది కనకనే కనబడింది."

ఆ మాట అనువదించి చెప్పగానే మిసెస్ ఓల్సన్ పగలబడి నవ్వింది. నవ్వి, ఊలు టోపీ కిందికి లాక్కుని కళ్లు ఒత్తుకుంది. "నాలుగేళ్లుగా నాకు ఎదురుచెప్పేవాళ్లు లేరు," అంది.

మంగళవారం ఉదయమే రాఘవులుగారు దగ్గరుండి దీపం దింపించి, కొక్కెం ఊడదీయించారు. తువ్వాళ్లలోంచి ఇత్తడి పాత్ర బయటికి వచ్చింది. దాన్ని బల్లమీద పెట్టి, ఒకపక్క సిటీ వారి దీపాల నియమావళి, మరోపక్క స్రవంతి దగ్గర అడిగి తీసుకున్న స్కేలు పెట్టుకుని పరిశీలించసాగారు. కాసేపటికి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"చాముండీ! ఈ మూతకు చిల్లులు లేవు!"

"ఉండవు. వానపడితే వత్తి ఆరిపోదూ?"

"చిల్లులన్నీ పక్కలకూ కిందికీ మాత్రమే ఉన్నాయి. వెలుగు పైకి పోనే పోదు! వీళ్లు కోరుతున్న కప్పు ఇదే. మా అమ్మ ఇచ్చిన పాత్ర వీళ్ల సెక్షను పుట్టకముందే దాన్ని పాటిస్తోంది."

"మొదటిరోజే ఈ పాత్ర పెడదామన్నాను."

"అన్నావు," అని ఒప్పుకున్నారాయన. ఆ మాట ఆ ఇంట్లో అరుదు గనుక స్రవంతి వంటింట్లోంచి తొంగిచూసింది.

మధ్యాహ్నమంతా కూర్చుని దీపానికి ప్లాను గీశారు. పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో ఒకటి, ఎదుటినుంచి ఒకటి, నిలువుగా కోస్తే ఒకటి. స్కేలు, ఉత్తరదిక్కు బాణం, కుడి మూలన సంతకం. ఆ రోజు ఆయన కూడా భోజనం ముట్టలేదు. చాముండేశ్వరిగారి నక్తం ఎలాగూ ఉంది. నాలుగున్నరకే పొద్దు గుంకింది. పెరట్లో దీపం లేదు. ఆవిడ వత్తి, నూనె పోసిన చిన్న సీసా, అగ్గిపెట్టె సంచిలో వేసుకుని, పాత్రను ఒడిలో పెట్టుకుని కారెక్కారు.

సభ నిండుగా ఉంది. గ్యారీ ముందు వరుసలో రాఘవులుగారికి చోటు ఉంచాడు. కూర్చోకముందే ఆయన చెప్పేశారు.

"మిస్టర్ గ్యారీ, నా వాదన మారింది. మీకు ముందుగా తెలియజేయడం నా ధర్మం."

"ఎంత మారింది సర్?"

"సగం."

గ్యారీ ముఖం వాడిపోయింది. ఇంతలో పేరు పిలిచారు.

రాఘవులుగారు మైకు ముందు కోటు బొత్తాము పెట్టుకున్నారు. "మాన్యులారా, ఈ నోటీసు సక్రమమైనది. ఇంత సక్రమమైన నోటీసు నేను సర్వీసులో నాలుగైదు కంటే ఎక్కువ చూడలేదు. అవి నేను రాసినవి," అన్నారు. సభలో నవ్వులు లేచాయి. వాళ్లెందుకు నవ్వారో గ్రహించకుండానే ఆయన సాగిపోయారు. కొక్కెం తీశానని, బల్బు తీశానని, తన వెలుగు తన కంచె దాటి ఒక పొరుగావిడ ఆకాశాన్ని ఆక్రమించిందని చెప్పారు. "అయితే నా స్నేహితుడు గ్యారీ ప్రశ్నకు కూడా మీరు జవాబు చెప్పవలె. తన చెట్లన్నీ నిరుడే కొట్టేసినవాడికి ఈ రోజు మీ నిబంధనతో పని లేదు. ఇరవైయేళ్లు పెంచినవాడు మాత్రం మీ గుమ్మం ముందు నిలబడాలి. చెట్టును కాపాడండి. పెంచినవాణ్ణి దొంగలా చూడకండి. అతని చెట్లలో ఉత్తరపు చివరిది లోపల గుల్లబారింది. దారిన పోతూ చూశాను. అలాంటిదానికి అనుమతి ఇవ్వవచ్చునని మీ పద్నాలుగో సెక్షనులోనే ఉంది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు."

గ్యారీ తల ఎత్తాడు.

తరువాత ప్లాను అధ్యక్షురాలి చేతికి అందింది. ఆవిడ కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, దాన్ని చాలాసేపు చూసింది. పక్కవారికి అందించింది. వారూ చూశారు.

"ఇది చేత్తో గీశారా?"

"చేత్తోనే."

"దీపం ఎన్ని వాట్లు?"

"వాట్లు కావు మేడమ్. నువ్వులనూనె. ఒక వత్తి."

"నిజమైన మంటా? అయితే చెట్టుకు కట్టడానికి వీల్లేదు."

"కట్టను."

"ఎంత ఎత్తున ఉంటుంది?"

"ఇరవై అడుగులు."

అధ్యక్షురాలు ప్లాను తిప్పి చూసింది. "మరి దేనిమీద? ఇందులో దీపం ఉంది, తాడు ఉంది, ఎత్తు ఉంది. నిలబెట్టే ఆధారం లేదు. దీపం గాలిలో వేలాడుతోంది సర్."

రాఘవులుగారి చెవులు వేడెక్కాయి. 'ఆధారము చూపలేదు' అని ఎర్రసిరాతో రాసి ఆయన తిప్పిపంపిన ప్లాన్లు బళ్లకెత్తవచ్చు. మూడు నిమిషాల గంట మోగింది. మూడో వరుసలో చాముండేశ్వరిగారు పాత్రను ఒడిలో పెట్టుకుని, పొద్దుటినుంచి ఏమీ తినని ముఖంతో, ఆయన వంకే చూస్తున్నారు. జీవితంలో మొదటిసారి ఒక అధికారి ప్రశ్నకు ఆయన ఊరకే నిలబడిపోయారు.

ముందు వరుసలో కుర్చీ కిర్రుమంది.

"నా దగ్గర ఒకటుంది," అన్నాడు గ్యారీ లేచి, ఎవరిమీదో కసి తీర్చుకుంటున్నట్టు. "పాత జెండా కంబం. ఇరవై అడుగులు, అల్యూమినియం. చివర కప్పీ ఉంది, తాడు కూడా ఉంది. గ్యారేజీ పక్కన పడి ఉంది. ఆ ఎత్తుదాకా జెండా కంబానికి అనుమతి అక్కర్లేదని మీ రూల్లోనే రాసుంది."

"మా రూల్స్ మీరు చదివారా?" అంది అధ్యక్షురాలు.

"అన్నీ కంఠతా వచ్చు. తిట్టాలంటే చదవాలి కదా!"

సభ గొల్లుమంది. వెనకనుంచి మిసెస్ ఓల్సన్ చెయ్యెత్తి, తన ఫిర్యాదు బల్బుమీదే గాని దీపంమీద కాదని చెప్పింది. స్రవంతి వంగి తల్లి చెవిలో ఆ మాటలన్నీ చెప్పింది.

"జెండా కంబమంటే ధ్వజస్తంభమేగా! గుళ్లో ఆకాశదీపం ఎత్తేదీ దానికే కదే!" అన్నారు చాముండేశ్వరిగారు, సభలో ఉన్నామన్న సంగతి మరిచి, గట్టిగా.

అధ్యక్షురాలు ఆవిడ వంక చూసి, అర్థమైనట్లే తలూపి, అనుమతి కాగితంమీద సంతకం చేసింది.

ఏడున్నరకు పెరట్లో పని మొదలైంది. గ్యారీ కంబాన్ని భుజాన మోసుకొచ్చి, పెరటివైపు కొయ్య అరుగైన డెక్కు స్తంభానికి ఆనించి మూడుచోట్ల కట్లు వేశాడు. పడవల మెకానిక్కు వేసిన ముళ్లు కనక రాఘవులుగారు లాగి చూసి తలూపారు. ఫణి ఫోను లైటు పట్టుకున్నాడు.

"కిందికి పట్టండి బాబూ, కిందికి! పైకి వేయకండి. సెక్షను!"

"సారీ మామయ్యగారూ."

చాముండేశ్వరిగారు వత్తి వెలిగించి మూత పెట్టారు. చిల్లుల్లోంచి పసుపు చుక్కలు అందరి చేతులమీదా, గ్యారీ పట్టీలమీదా పడ్డాయి. తాడు లాగడం రాఘవులుగారి వంతు. పాత్ర కొంచెం ఊగుతూ, కప్పీ కిచకిచమంటూ, పైకి వెళ్లి నిలిచింది. కంచె అవతలికి ఆ వెలుగు పోనేలేదు. కింద గడ్డిమీద మాత్రం చిన్న ముగ్గు వేసినట్టు పడింది.

"ఇంతేనా?" అన్నాడు గ్యారీ తల వెనక్కి వంచి. "దీనికోసమా ఇంత గొడవ?"

"ఇంతే," అన్నారు రాఘవులుగారు.

కాని ఆకాశంలో మబ్బు కమ్మింది. చుక్క లేదు. చుక్క కనబడనిదే ఆవిడ తినరు. అందరూ తలలెత్తి నిలబడ్డారు. గ్యారీ దేనికోసం చూడాలో తెలియకపోయినా చూస్తున్నాడు. కంచె అవతల చీకట్లోంచి మిసెస్ ఓల్సన్ గొంతు వినిపించింది.

"దేవదారుకు కుడివైపు! మబ్బు చీలింది. త్వరగా చూడండి!"

చాముండేశ్వరిగారు చూశారు. చేతులు జోడించారు. "దొరికాయి," అన్నారు. "ఆరు."

"ఏడు," అన్నారు రాఘవులుగారు. కంచె అవతల నవ్వు వినిపించింది.

అనుమతి పత్రాన్ని ఆయన కోటు జేబులోంచి తీసి, డెక్కు దీపం కింద మరొకసారి చదువుకున్నారు. ఇన్నేళ్లలో ఆయన ఎందరికో అనుమతులిచ్చారు, ఎక్కువమందికి నిరాకరించారు. తన పేరుమీద ఒకటి అందుకోవడం ఇదే మొదలు. గ్యారీ దగ్గరికి వచ్చి టోపీ తీశాడు.

"సర్, ఆ గుల్లబారిన చెట్టుకు దరఖాస్తు ఎలా రాయాలో మీరు..."

రాఘవులుగారి నడుము తనంతట తానే నిటారైంది.

"రేపు పదింటికి రండి. స్థలం పత్రాలు రెండు ప్రతులు. చెట్టు చుట్టుకొలత మీరు చెప్పింది కాదు, నేను కొలిచింది రాస్తాము. ఆలస్యంగా వస్తే..."

"ఆఫీసు రేపు తెరవండి," అన్నారు చాముండేశ్వరిగారు తలుపు దగ్గరనుంచి. "అన్నం వడ్డించాను. ఆయన్నీ లోపలికి రమ్మనండి. కంచె అవతలావిణ్ణి కూడా."